మూపురం కుదరడం లేదు: పాత పంచెలతో ఒంగోలు గిత్త బొమ్మ

మూలాపేట_కోడలు, నెల్లూరు – శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ జాకెట్ల గురించి, పిల్లల గౌన్ల గురించి చదివి వెళ్లిపోయేదాన్ని. రాయడం ఇదే మొదలు.

మా బాబుకి నాలుగేళ్లు. సంక్రాంతికి కొత్తపట్నం పక్కన మా అత్తగారి ఊరు వెళ్లినప్పుడు వాళ్ల తాత వాణ్ణి భుజాన ఎక్కించుకుని బండలాగుడు పందేలకి తీసుకెళ్లారు. అప్పటినుంచి వాడికి ఎద్దే లోకం. అన్నం ముద్ద కూడా "ఎద్దు తింటోంది" అంటేనే నోరు తెరుస్తాడు. నెల్లూరు చిన్నబజారంతా తిరిగాను. ఎలుగుబంట్లు, కుందేళ్లు, పాండాలు రాసులు పోసి ఉన్నాయి. ఎద్దు మాత్రం లేదు. ఒకచోట ఆవు దొరికింది, నల్లమచ్చలది. తెచ్చి ఇస్తే అటూ ఇటూ తిప్పి, వీపు తడిమి, "దీనికి మూపురం ఏదీ?" అని పక్కన పడేశాడు.

సరే, నేనే కుడదామని కూర్చున్నా. మామయ్య పాత పంచెలు నాలుగున్నాయి, అంచుల దగ్గర చీకినవి. పేపరు మీద బొమ్మ గీసుకుని పక్క ముక్కలు రెండు, పొట్ట కిందకి ఒక ముక్క కత్తిరించా. ముక్కు నుంచి తోక దాకా 12 అంగుళాలు. మూపురం విడిగా ఎందుకులే అని పక్క ముక్కల్లోనే పైకి గుండ్రంగా గీసేశా. కుట్టి, తిరగేసి, పాత దిండు దూది కూరి చూస్తే మూపురం ఉండాల్సిన చోట చేప రెక్కలాంటిదొకటి పలచగా లేచి నిలబడింది. కాళ్లు నాలుగూ నాలుగు దిక్కులకి చాపేసింది. మామయ్య కళ్లజోడు పెట్టుకుని చూసి "ఒంటె బాగా కుదిరిందమ్మా" అన్నారు.

మూపురం గుండ్రంగా రావాలంటే ఏం చేయాలి? గంగడోలు ఎలా పెట్టాలి? అసలు కాళ్ల మీద నిలబడుతుందా?


బొంతల_పెద్దమ్మ, బుచ్చిరెడ్డిపాళెం – శనివారం రాత్రి 10:05

ముందు ఆ దిండు దూది తీసేయమ్మా. పాత దూది ఉండలు కట్టి ఉంటుంది, ఎంత కూరినా గతుకులే. పైగా పిల్లాడు ఒక్కసారి పాలు ఒలకబోశాడంటే లోపల తడి పోదు, వాసన పట్టుకుంటుంది. బూరుగు దూది వాడు. మా చిన్నప్పుడు దిండ్లన్నీ అవే. నీళ్లు పీల్చదు. ఒకప్పుడు ఓడల్లో, పడవల్లో వేసుకునే లైఫ్ జాకెట్లలో కూడా అదే నింపేవాళ్లు.

పంచె గుడ్డ మంచిదే కానీ నీ మామగారు కట్టీ కట్టీ ఉతికీ ఉతికీ అది జల్లెడ అయి ఉంటుంది. ఒంటి పొరతో కుట్టకు.


జాకెట్టు_లెక్క, కావలి – శనివారం రాత్రి 10:50

ఇప్పుడే షాపు మూసి వచ్చా. కోడలు గారూ, మీ మూపురంలో తప్పు లేదు, మీ లెక్కలో ఉంది.

చదును గుడ్డలు రెండు అంచులు కలిపి కుడితే మధ్యలో దూది ఉబ్బుతుంది గానీ కుట్టు దగ్గర ఉబ్బదు. అక్కడ ఎప్పుడూ కత్తి అంచే వస్తుంది. జాకెట్‌కి ముందు భాగంలో డాట్స్, అంటే గుడ్డని కోణంగా మడిచి వేసే కుట్లు, ఎందుకు వేస్తాం? గుడ్డ చదునుగా ఉంటుంది, మనిషి ఉండదు కాబట్టి. ఎద్దుకైనా అంతే.

మూపురం గీత మీద, ఒక్కో పక్క ముక్కకి రెండేసి డాట్స్ వేయండి. నోటి దగ్గర అరంగుళం, కిందికి అంగుళం పావు పొడుగు, చివర సూదిమొనలా తేలిపోవాలి. చివర రివర్స్ కుట్టు కొట్టొద్దు, అక్కడ బుడిపె వస్తుంది. దారాలు వదిలేసి చేత్తో ముడేయండి. రెండు డాట్స్‌కి కలిపి అంగుళం గుడ్డ పోతుంది కదా, ఆ అంగుళం ముందే కలుపుకుని మూపురాన్ని పెద్దదిగా గీయాలి. కాగితం మీద చూస్తే మరీ ఎబ్బెట్టుగా పెద్దగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు.

అసలు గుడ్డ కోసే ముందు ఏదైనా చెత్త ముక్క మీద మూపురం ఒక్కటే కుట్టి చూసుకోండి. పది నిమిషాల పని.


స్కేలు_పెన్సిలు, నెల్లూరు – ఆదివారం ఉదయం 6:30

ఇంకో దారి కూడా ఉంది. నేను డ్రాఫ్టింగ్ పని చేసి రిటైరయ్యాను, కుట్టు మా ఆవిడ దగ్గర నేర్చుకున్నది. రెండు పక్క ముక్కల మధ్య, మూపురం పొడుగునా, తమలపాకు ఆకారంలో ఒక పట్టీ పెట్టండి. మధ్యలో అంగుళంన్నర వెడల్పు, రెండు కొసలా సన్నగా. మూపురానికి నెత్తి వస్తుంది. నుదుటికి కూడా ఇలాంటిదే పెడితే ముఖం కత్తిలా కాకుండా వెడల్పుగా వస్తుంది. ఎద్దుకి అదే అందం.

గుడ్డతో జంతువుల బొమ్మలు అనగానే నాకు జర్మనీలోని మార్గరెట్ స్టైఫ్ గుర్తొస్తుంది. చిన్నప్పుడే పోలియో వచ్చి చక్రాల కుర్చీలోనే ఉండిపోయిన దర్జీ ఆవిడ. 1880లో ఫెల్ట్ గుడ్డతో ఒక చిన్న ఏనుగు కుట్టింది, సూదులు గుచ్చుకోవడానికి. జనం దాన్ని తీసుకెళ్లి పిల్లలకి ఇచ్చేశారు. ఆ తర్వాత అదే పెద్ద బొమ్మల కంపెనీ అయింది.


జాకెట్టు_లెక్క, కావలి – ఆదివారం ఉదయం 7:10

మా షాపులో సూదులు గుచ్చుకునేది కూడా ఒక గుడ్డ ముద్దే సార్. పదిహేనేళ్లుగా ఉంది. ఏ జంతువో ఇంకా తేలలేదు.

తమలపాకు పట్టీ మంచి ఆలోచనే. కానీ మొదటిసారి కుట్టేవాళ్లకి వంకర అంచు మీద వంకర అంచు కూర్చోబెట్టడం కష్టం. కచ్చా కుట్టు వేసుకోకుండా మిషన్ ఎక్కిస్తే ఒక వైపు మిగిలిపోతుంది. ఆమెకి మూపురానికి డాట్సే నయం, నుదుటికి పట్టీ పెట్టుకోమనండి.


కరవది_వైపు, ఒంగోలు – ఆదివారం మధ్యాహ్నం 1:15

నేను కుట్టుపని మనిషిని కాదు, మా ఆవిడ ఫోన్లో ఇది చదువుతుంటే చూశా. ఎద్దుల సంగతి కాబట్టి చెప్తున్నా. అక్కా, ఒంటె ఎందుకైందో తెలుసా? మూపురం నడివీపు మీద పెట్టి ఉంటారు. గిత్తకి మూపురం ముందుకాళ్లకి సరిగ్గా పైన ఉంటుంది. మెడ అయిపోయిందీ అనుకున్న చోట మూపురం మొదలు. కాడి దాని ముందు, మెడ మీద ఆనాలి. నడివీపు మీద ఉంటే కాడి ఏడ పెడతారు?

ఇంకా వినండి. మూపురం నిక్కి ఉండాలి, పక్కకి వాలితే ముసలిదంటారు. కొమ్ములు పొట్టి. చాలామంది బొమ్మల్లో బారెడు కొమ్ములు పెడతారు, అది మన గిత్త కాదు. మొదట్లో లావు, కొస మొద్దు. ముఖం వెడల్పు. కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లగా ఉంటుంది. తోక కుచ్చు నలుపు, గిట్టలు నలుపు. మగదానికి తల, మెడ, మూపురం దగ్గర బూడిద రంగు తిరుగుతుంది, మిగతా ఒళ్లంతా తెలుపు. గంగడోలు గడ్డం కింద మొదలై ముందుకాళ్ల సందు దాకా మడతలు మడతలుగా వేలాడాలి. నడుస్తుంటే అది ఊగాలి. అదే రాజసం.

వీలైతే చదలవాడ పశుక్షేత్రానికి బాబుని తీసుకెళ్లి చూపించండి. మీరూ చూడండి. ఫోటోలో గంగడోలు ఎప్పటికీ తెలియదు.


మూలాపేట_కోడలు, నెల్లూరు – ఆదివారం మధ్యాహ్నం 2:00

అన్నా, నడివీపే! మీరు చెప్పాక మామయ్యని అడిగితే "నేనూ అదే కదమ్మా చెప్పింది" అన్నారు. ఒంటె అన్నారంతే, ఎక్కడ తప్పో చెప్పలేదు.


గొర్రెల_మంద, ఆత్మకూరు – ఆదివారం సాయంత్రం 4:20

నెల్లూరు ఆడపడుచు అయ్యుండి ఒంగోలు గిత్తకి ఇంత తాపత్రయమేందబ్బా. మన నెల్లూరు గొర్రె లేదా? దేశంలోకెల్లా ఎత్తయిన గొర్రె జాతి. మూపురం లేదు, గంగడోలు లేదు. జోడిపి గొర్రె కుట్టుకోండి, తెల్ల ఒళ్లు, ముఖాన నల్ల మచ్చలు. ఒక్క పూటలో అయిపోద్ది.


కరవది_వైపు, ఒంగోలు – ఆదివారం సాయంత్రం 4:45

బండ లాగుతుందా మీ గొర్రె?


గొర్రెల_మంద, ఆత్మకూరు – ఆదివారం సాయంత్రం 4:50

గిత్తని బ్రెజిల్ వాళ్లు ఏమని పిలుస్తారో కనుక్కో అన్నా. నెలోర్ అంటారు. నెల్లూరు పేరే. వాళ్ల దేశంలో మేసే పశువుల్లో ఎక్కువ ఆ రక్తమే. ఒంగోలుకి జిల్లా వచ్చింది 1970లో, ప్రకాశం అని పేరు పెట్టింది 1972లో. గిత్త అంతకు ముందే ఓడెక్కి పోయింది.


స్కేలు_పెన్సిలు, నెల్లూరు – ఆదివారం సాయంత్రం 5:30

2002లో మన దగ్గర జాతీయ క్రీడలు జరిగినప్పుడు వాటి గుర్తు కూడా ఒంగోలు గిత్తే, పేరు వీర. అప్పుడు ఎవరూ జిల్లా అడగలేదు.


నిర్వాహకులు – ఆదివారం సాయంత్రం 6:00

గిత్త ఎవరిదో పశువుల విభాగంలో తేల్చుకోండి. ఇక్కడ కుట్టు సంగతి మాత్రమే.


పిల్లల_వార్డు, ఒంగోలు – ఆదివారం రాత్రి 8:15

నర్సుని. రెండు మాటలు చెప్పి వెళ్తాను.

బూరుగు దూది మంచిదే పెద్దమ్మా, కానీ కూరేటప్పుడు నూగు గదంతా ఎగురుతుంది. ఆయాసం ఉన్న పిల్లలు ఇంట్లో ఉంటే వద్దు. నిప్పు కూడా తొందరగా అంటుకుంటుంది. ఉతుక్కోవడానికి వీలుగా ఉండేది పాలిస్టర్ ఫైబర్, దిండ్లలో నింపే తెల్లది.

రెండోది, గుండీలతో కళ్లు పెట్టకండి. బాబుకి నాలుగేళ్లు, సరే. ఇంటికి ఇంకా చిన్న పిల్లలు ఎవరైనా వస్తారా? మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో ఊడివచ్చే ముక్క ఏదైనా 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టంలో పట్టేస్తే అది గొంతులో అడ్డం పడే ముక్క కింద లెక్క. బొమ్మల పరీక్షలో కొలత అదే. గుండీ, మువ్వ, పూస అన్నీ అందులో పట్టేస్తాయి. కళ్లు దారంతో కుట్టండి. ముక్కుతాడు కూడా జానెడు దాటనివ్వకండి, మెడకి చుట్టుకుంటుంది.


మూలాపేట_కోడలు, నెల్లూరు – ఆదివారం రాత్రి 8:40

మా ఆడబిడ్డ కూతురు, 11 నెలలు. ప్రతి ఆదివారం వస్తుంది, కనిపించిందల్లా నోట్లోకే. ఇవాళ ఆ ఒంటె చెవి నమిలి వెళ్లింది. మువ్వల పట్టెడ పెడదామనుకున్నా, మానేశా. పసుపు దారంతో మువ్వల్లా ముళ్లు కుడతా.


జాకెట్టు_లెక్క, కావలి – సోమవారం ఉదయం 9:30

మొత్తం వరసగా చెప్తాను, ఇవాళ గిరాకీ తక్కువ.

పంచెలకి చిక్కగా గంజి పెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయండి. మెత్తటి గుడ్డ గంజి లేకుండా కోస్తే కత్తెర కింద జారుతుంది, రెండు ముక్కలూ ఒకలా రావు. జాకెట్ లైనింగ్ తెల్లది వెనక వేసి, రెండు పొరలూ ఒకే గుడ్డ అన్నట్టు అంచు వెంట కుట్టేసుకోండి. గట్టిగా కూరినా పిగలదు. లోపలి ఫైబర్ కూడా బయటికి తొంగిచూడదు.

ముక్కలు కోసేటప్పుడు నిలువు పోగు, అంటే గుడ్డ పొడుగునా పోయే దారం, చూసుకోండి. పక్క ముక్కలు రెండింటికీ పోగు ఒకే దిక్కున ఉండాలి. ఇది మర్చిపోవద్దు.

కుట్టుకి పావంగుళం వదలండి. కుట్టు చిన్నది పెట్టుకోండి, దూది ఒత్తిడికి పెద్ద కుట్లు పళ్లికిలిస్తాయి. నుదుటి పట్టీ ముందు. తర్వాత గంగడోలు. పంచె క్రాస్‌లో, అంటే పోగుకి ఏటవాలుగా, కోసి అర్ధచంద్రాకారంలో రెండు పొరలుగా కుట్టి తిరగేయండి. ఏడంగుళాల ముక్కని కుచ్చు పట్టి ఐదంగుళాలకి దించి, గడ్డం నుంచి రొమ్ము దాకా రెండు పక్క ముక్కల మధ్యన పెట్టి కుట్టేయండి. వంపు వైపు లోపలికి, కుచ్చు అంచు బయటికి రావాలి. తిరగేశాక అదే బయటికి వేలాడుతుంది. దాంట్లో దూది పెట్టొద్దు. క్రాస్ కాబట్టి దానంతటదే మడతలు పడుతుంది. అక్కడ పొరలు చాలా వస్తాయి, 16 నంబర్ సూది వేసి చక్రం చేత్తో తిప్పుతూ కుట్టండి. మోటార్ మీద పోనిస్తే సూది విరిగి ఎగురుతుంది.

వంకరలు వచ్చిన చోటల్లా కుట్టు దాకా కత్తెరతో చిన్న చిన్న గాట్లు పెట్టాలి. కాళ్ల సందుల్లో, మెడ కింద తప్పనిసరి. గాట్లు పెట్టకుండా తిరగేస్తే అక్కడ గుడ్డ ముడుచుకుని ఈడ్చుకుపోతుంది. మీ మొదటి బొమ్మ కాళ్లు చాపేయడానికి సగం కారణం అదే అయుంటుంది.

పొట్ట దగ్గర మూడంగుళాలు వదిలి తిరగేయండి. కూరడం ముక్కు నుంచి, గిట్టల నుంచి మొదలుపెట్టాలి, పొట్ట ఆఖరు. ఉసిరికాయంత తీసుకుని, వేళ్లతో విడదీసి, అట్లకాడ పిడితో నెట్టండి. గుప్పెడు గుప్పెడు నెడితే లోపల గడ్డలు.


బొంతల_పెద్దమ్మ, బుచ్చిరెడ్డిపాళెం – సోమవారం ఉదయం 11:00

ఫైబర్ అంటే ఫైబర్ కానివ్వండి. కానీ కాళ్లలోకి అది పనికిరాదు, మెత్తగా వంగిపోతుంది. మిగిలిన పేలికలు సన్నగా చింపి, దీపం ఒత్తి చేసినట్టు అరచేతుల మధ్య బిగించి నులిమి, ఒక్కో కాలికీ ఒక్కో ఒత్తి దూర్చు. గట్టిగా కర్రలా నిలబడుతుంది. పేలిక బరువు కూడా కాళ్లలో ఉంటే బొమ్మ పక్కకి ఒరగదు. తీగలు గీగలు పెట్టకు, ఎప్పుడో ఒకప్పుడు పొడుచుకొస్తాయి. మా అమ్మ బొమ్మల పొట్టలో చింతగింజలు పోసేది బరువుకి. నేనూ పోశాను ఒకసారి. ఉతికాను. మొలక రాలేదు గానీ బూజొచ్చింది.

మూపురం బూడిద రంగుకి గుడ్డకి రంగెయ్యకు, పిల్లాడు నాకుతాడు. బూడిద రంగు దారంతో బొంత కుట్టు వెయ్యి. దగ్గర దగ్గరగా, మూపురం నెత్తి మీద చిక్కగా, కిందికి వచ్చేకొద్దీ పలచగా. దూరం నుంచి చూస్తే నీడలా కనిపిస్తుంది. గుడ్డకి బలం కూడా. ఆ కుట్టు పక్క ముక్కలు కలపకముందే వేసుకోవాలి, తర్వాత చెయ్యి దూరదు.

తోకకి దారాలు వెతకొద్దు. నల్ల జడకుచ్చులు ఉంటాయి చూడు, ఒక కుచ్చు తెచ్చి తోక గొట్టం కొసలో పెట్టి నాలుగుసార్లు మిషన్ కొట్టు.


మూలాపేట_కోడలు, నెల్లూరు – సోమవారం మధ్యాహ్నం 12:10

జడకుచ్చులు! పెద్దమ్మా, మీ కాళ్లకి దండం. నా పెళ్లి నాటివి ఉన్నాయి, మూడు కుచ్చులు. ఒకటి ఎద్దుకి పోయినా ఫర్వాలేదు.


కోవూరు_కుట్లు – సోమవారం రాత్రి 7:45

ఒక డౌట్ అండి. నేను డిగ్రీ చదువుతూ టైలర్ షాపుల కట్ పీసులతో చిన్న చిన్న ఏనుగులు కుడుతున్నా. ఆన్‌లైన్‌లో అమ్మొచ్చా? ఫైబర్ ఎక్కడ కొనాలో కూడా చెప్పండి. మొన్న ఒక షాపులో ఫైబర్ అని అమ్మిన కవరు విప్పితే సగం స్పాంజి పొడి, రంగు దారాలు. వెనక్కి తీసుకోమంటే విప్పిన కవరు తీసుకోం అన్నారు. విప్పకుండా లోపల ఏముందో నాకెలా తెలుస్తుంది?


స్కేలు_పెన్సిలు, నెల్లూరు – సోమవారం రాత్రి 8:30

అమ్మకం సంగతి జాగ్రత్తమ్మా. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. ఐఎస్ 9873 అనే ప్రమాణం ప్రకారం పరీక్షలు ఉంటాయి. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదు చేసుకున్న కళాకారులు సొంతంగా చేసి అమ్మేవాటికి మినహాయింపు ఇచ్చారు. నమోదు చేసుకోవడానికి వీలవుతుందేమో కనుక్కో. ఇంట్లో పిల్లలకి కుట్టుకుంటే ఎవరూ అడగరు.

ఫైబర్‌కి ఇంకో ఉపాయం. బాగా పేరున్న కొత్త దిండు ఒకటి కొని విప్పేసుకో. ఏమి నింపారో దిండు మీద రాసి ఉంటుంది.


మూలాపేట_కోడలు, నెల్లూరు – గురువారం రాత్రి 11:20

నాలుగు రోజులు మాయమయ్యాను, క్షమించండి. కుడుతున్నా.

మూపురం వచ్చింది. అక్కా, చెత్త ముక్క మీద కుట్టి చూడమన్నారు కదా, మూడుసార్లు కుట్టాను. మొదటిది డాట్ చివర బుడిపె. రెండోది రెండు డాట్స్ మరీ దగ్గరైపోయి మధ్యలో చీమలపుట్టలా లేచింది. మూడోదానికి కుదిరింది. అరచేయి బోర్లించి పెడితే సరిగ్గా చేతిలో ఇమిడింది. రాత్రి పదిన్నరకి, ఇంట్లో అందరూ పడుకున్నాక, ఒక్కదాన్నే కూర్చుని ఆ మూపురం నిమురుతున్నా. పిచ్చి అనుకోకండి.

బొంత కుట్టుకి రెండు రాత్రులు పట్టింది. గంగడోలు దగ్గర ఒక సూది విరిగింది, చక్రం చేత్తో తిప్పమన్నా వినలేదు కాబట్టి నా తప్పే. కాళ్లలో ఒత్తులు పెట్టాను. నిలబడింది! ఫైబర్ 300 గ్రాముల దాకా పట్టింది. మెడ పట్టీ పంచె జరీ అంచుతో చేశా. కళ్లు నల్ల దారం, చుట్టూ కాటుక గీత.

కానీ ఒక పెద్ద లోపం. తల నిటారుగా లేదు. కుడివైపుకి తిరిగిపోయింది. ఎంత తిప్పి పెట్టినా మళ్లీ అటే చూస్తుంది. మెడలో దూది తీసి మళ్లీ కూరాను, లాభం లేదు. ఇప్పుడు కుట్లు విప్పాలంటే గంగడోలంతా విప్పాలి. టెన్షన్‌గా ఉంది. ఎల్లుండి వాడి పుట్టినరోజు.


జాకెట్టు_లెక్క, కావలి – శుక్రవారం ఉదయం 8:40

ఎడమ పక్క ముక్క క్రాస్‌లో కోశారా?


మూలాపేట_కోడలు, నెల్లూరు – శుక్రవారం ఉదయం 8:55

అవునక్కా. రెండో పంచె మధ్యలో చిరుగు ఉంది. దాన్ని తప్పించడానికి ఎడమ ముక్క మాత్రం ఏటవాలుగా పెట్టి కోశా. మీరు చెప్పింది గుర్తుంది, గుడ్డ చాలలేదు.


జాకెట్టు_లెక్క, కావలి – శుక్రవారం ఉదయం 9:05

అదీ సంగతి. క్రాస్ గుడ్డ సాగుతుంది, నిలువు పోగు సాగదు. దూది కూరేసరికి ఎడమవైపు సాగి పొడుగైంది, కుడివైపు అలాగే ఉంది. పొడుగైన వైపు నుంచి పొట్టి వైపుకి ఒంగడం తప్ప దానికి దారి లేదు. విప్పి కుట్టినా మళ్లీ అదే వస్తుంది. లైనింగ్ కూడా అలాగే ఏటవాలుగా వేసి ఉంటారు, అందుకే ఆపలేకపోయింది. సరిచేయాలంటే ఎడమ ముక్క కొత్తది కోయాల్సిందే.

రేపే పుట్టినరోజంటే నన్నడిగితే వదిలేయండి. నాలుగేళ్ల పిల్లాడు కొలతలు తీయడు.


మూలాపేట_కోడలు, నెల్లూరు – శనివారం రాత్రి 9:15

ఇచ్చేశాను.

కాసేపు మాట్లాడలేదు. మూపురం పట్టుకున్నాడు. గంగడోలు కింద వేలు పెట్టి ఊపాడు. తోక కుచ్చు ముక్కుకి రాసుకున్నాడు. తర్వాత దాన్ని గడప దగ్గర నిలబెట్టి, ఎడమ పక్కన కాదు, కుడి పక్కన ఖాళీ చోటు చూపించి "రెండోది ఏదీ?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మామయ్య కుర్చీలోంచి "కాడికి రెండుండాలి కదమ్మా, ఒక్కటే ఎట్లా లాగుద్ది" అన్నారు, అదేదో నేను మర్చిపోయినట్టు.


కరవది_వైపు, ఒంగోలు – శనివారం రాత్రి 9:50

అక్కా, తల కుడివైపుకి తిరిగిందన్నారు కదా. మీరు కుట్టింది దాపటిది. కాడికి ఎడమవైపు కట్టేది దాపట, కుడివైపుది ఎలపట. దాపటి ఎద్దు కుడివైపు చూస్తుందంటే జోడు కోసం చూస్తోందన్నమాట. మీ వాడు సరిగ్గానే కుడిపక్క చోటు చూపించాడు. దాన్ని విప్పొద్దు. ఎలపటి దాని తల ఎడమకి తిరిగేలా కుట్టండి చాలు.


జాకెట్టు_లెక్క, కావలి – శనివారం రాత్రి 10:10

అయితే ఈసారి కుడి ముక్క క్రాస్, ఎడమ ముక్క నిలువు పోగు. లైనింగ్ కూడా అలాగే వేయండి. దాపటి దాని ప్యాటర్న్ కాగితాలు పారేయలేదు కదా?


మూలాపేట_కోడలు, నెల్లూరు – ఆదివారం ఉదయం 7:30

కాగితాలున్నాయి. జడకుచ్చులు ఇంకా రెండున్నాయి. పంచెలే అయిపోయాయి. ఒంటెకి ఒకటి, దాపటి దానికి రెండు, మూపురం ట్రయల్స్‌కి ఒకటి. చెత్త ముక్కల మీద కుట్టమన్నారు గానీ ఆ చెత్త ముక్కలు కూడా పంచెవే.

పొద్దున్నే వీడు వెళ్లి వాళ్ల తాత కట్టుకున్న పంచె కొంగు పట్టుకుని "ఇది పాతదేనా?" అని అడుగుతున్నాడు.